పదకొండో తూకం

నిరుడు పత్తి సీజను మొదలయ్యే ముందు శిరీష ఫోను చేసి ఒక చిన్న అనుమతి అడిగింది. నేను రిటైరయ్యాక మా లారీ కాటాల సాఫ్టువేరు లైబ్రరీని చూసుకుంటున్నది ఆ అమ్మాయే. అందులో నేనెప్పుడో రాసిన పాత ఫంక్షన్ ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఇప్పుడు ఒక్కచోట తప్ప ఎక్కడా వాడడం లేదు. పైగా అది మెమరీ మింగుతుంది. తీసేస్తే లైబ్రరీ శుభ్రపడుతుందని చెప్పి, "తీసేయనా సార్?" అంది.

తీసేయమనడానికి నాకు నోరు రాలేదు. వద్దనడానికి కారణం ఫోనులో చెప్పేది కాదు. ఆ ఒక్కచోటు ఏదని అడిగాను. వినుకొండ దగ్గర ఒక జిన్నింగు మిల్లు అనీ, కాటా ఆపరేటరు పేరు మస్తాను అనీ చెప్పింది. వారం ఆగమని, అటక మీంచి పాత డైరీలు దింపించాను.

ఆ వారంలో డైరీల్లో చదివినవీ, అప్పట్లో వాటిలో రాయకుండా వదిలేసినవీ ఇక్కడ పెడుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాయమని శిరీషే పట్టుబట్టింది. ప్రమోషన్లూ సన్మానాలూ రాయడం లేదు. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి.

ఎరువుల కొట్టు మీద ఆఫీసు

మా కంపెనీ గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద ఉండేది. కింద ఎరువుల కొట్టు. చినుకు పడితే మెట్ల దాకా యూరియా వాసన వచ్చేది. ఏడుగురం పనిచేసేవాళ్ళం. లారీ కాటాలకు సాఫ్టువేరు చేయడం మా వ్యాపారం. లారీ ఇనప పళ్ళెం మీదికి ఎక్కుతుంది, కింద ఉన్న యంత్రం బరువు చెబుతుంది, కంప్యూటరు ఆ బరువు తీసుకుని చీటీ ముద్రిస్తుంది. సరుకుతో వచ్చినప్పుడు ఒక తూకం, దించి తిరిగి పోయేటప్పుడు ఖాళీ బండికి ఇంకో తూకం. రెండింటికీ తేడా సరుకు బరువు.

ఇందులో నా వంతు, యంత్రం దగ్గర్నుంచి బరువు తెచ్చి ఇచ్చే లైబ్రరీ. లైబ్రరీ తనంతట తాను ఏమీ చేయదు. ఊరూరా ఉన్న ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లోంచి దాన్ని పిలిచి బరువెంత అని అడుగుతారు, అది చెబుతుంది. అలా అడగడానికి ఉన్న ఒక్కో తలుపునూ ఫంక్షన్ అంటాం. చీమకుర్తి రాళ్ళ క్వారీల్లో, చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల్లో, గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో నా లైబ్రరీ నడిచేది. ఏ కాటా గదిలోనూ నా పేరు ఉండేది కాదు. లారీ డ్రైవర్లు చీటీ చించుకుని చూడకుండా జేబులో పెట్టుకోవడం చూస్తే, ఎంత నమ్మకమో అని నాకు చాలా తృప్తిగా ఉండేది. ఇప్పటికీ ఆ దృశ్యం తలచుకుంటాను.

మా యజమాని రంగారావు గారు మంచి మనిషి. జీతం ఆలస్యం చేయలేదు, ఎవరినీ పేరు పెట్టి తిట్టలేదు. ఆయనకు ఒకే ఒక్క సూత్రం ఉండేది. తప్పు ఎవరిదో మనం చెప్పకూడదు, కాగితం చెప్పాలి అనేవారు. పదేళ్ళు ఆ మాటను నేను తెలివి అనుకున్నాను.

యంత్రానికి విశ్రాంతి

మస్తాను అప్పట్లో గుంటూరు పొలిమేరలో ఒక కోల్డ్ స్టోరేజి కాటా ఆపరేటరు. నరసరావుపేట పక్క పల్లె. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మస్తాను పదో తరగతి దాకా చదివి కాటా గదిలో చేరాడు. ఎండాకాలం ఆ రేకుల గది పెనంలా కాలేది. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, లోపలికి వెళ్ళిన లారీలన్నీ బయటికి వచ్చాయని చూసుకుని, కాటాకు అడ్డంగా గొలుసు వేసి, కంప్యూటరు ఆపేసేవాడు. అన్నం తిని గంట తర్వాత మళ్ళీ వేసేవాడు. వేడికి అలిసిపోతోందండీ, కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి అనేవాడు. మిగతా కాటాల్లోనూ అంతే. ఆపకపోతే సాయంత్రానికి తెర బిగుసుకుపోయేది.

నా డైరీలో వరసగా రెండు సీజన్లు "ఎండ వల్ల" అని రాసుకున్నాను. ఇంజనీరునై ఉండి నేనూ నమ్మాను. మిర్చి సీజన్లో ఎండని అనుమానించడం మా ప్రాంతంలో ఎంత సహజమంటే, దాని వెనక ఇంకో కారణం ఉంటుందని తోచదు. ఎండ వెనక దాక్కున్నది నా తప్పేనని మూడో సీజన్లో తెలిసింది. ఆ ఏడు కోల్డ్ స్టోరేజి మేనేజరు కాటా గదికి ఏసీ పెట్టించాడు. ఏసీ పెట్టాక ఇంకా విశ్రాంతి ఏమిటని మస్తానును ఆపనివ్వలేదు. నాలుగు గంటలకల్లా కంప్యూటరు బిగుసుకుంది. లోడు తూకం అయి లోపల ఉన్న లారీల బరువులన్నీ దాంతోపాటు పోయాయి. గది చల్లగా ఉంది. నేను వెళ్ళి ముట్టుకుంటే యంత్రమూ చల్లగానే ఉంది.

నా తప్పును మెమరీ లీక్ అంటారు. మిరప కల్లం చూసినవాళ్ళకు దాన్ని చెప్పడం తేలిక. కల్లం యజమాని దగ్గర కొన్ని టార్పాలిన్ పట్టలు ఉంటాయి. కాయలు ఆరబోసుకునేవాళ్ళు వచ్చి ఒక్కో పట్ట అడిగి తీసుకుంటారు. పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఎవరూ ఇవ్వకపోతే సాయంత్రానికి పట్టలు అయిపోతాయి, కల్లం ఆగిపోతుంది. నా ఫంక్షన్ ప్రతి తూకానికీ బరువునూ లారీ ఫొటోనూ పెట్టి ఒక మెమరీ పట్ట ఇచ్చేది. వెనక్కి తీసుకునే ఏర్పాటు నేను చేయలేదు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే పట్టలన్నీ వాటంతటవే యజమాని దగ్గరికి చేరతాయి. మస్తాను మధ్యాహ్నం ఇచ్చిన విశ్రాంతి అదే. కారణం తప్పయినా మందు సరైనది.

నా మరమ్మతు

సీజను మధ్యలో కాటా ముట్టుకోకూడదు. ఈ మాట నాకు అప్పటికే తెలుసు. అయినా లీకు దొరికిన సంతోషంలో ఆగలేకపోయాను. తొమ్మిది రోజుల్లో సరిచేశాను. పది పట్టలు మాత్రమే ఉంచుతాను, పదకొండో తూకం వచ్చినప్పుడు మొదటి పట్టను తీసుకుని దానికి ఇస్తాను. అప్పటికి మొదటివాడి పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇదీ నా లెక్క. బరువు తీసుకోగానే వాడుకోవాలి, దాచుకోకూడదు అని సూచనల కాగితంలో ఒక వాక్యం కూడా కలిపాను. ఆఫీసులో పరీక్షించాను, బాగుంది. రంగారావు గారు టీ తెప్పించారు.

కొత్త లైబ్రరీ పెట్టిన రెండోరోజు మస్తాను ఫోను చేశాడు. ఒక లారీకి ఖాళీ తూకం వేస్తే తెర మీద ఇంకో లారీ బొమ్మ వస్తందండీ అన్నాడు. కెమెరా వైరు వదులై ఉంటుందన్నాను. మనిషిని పంపి బిగింపించాను. ఆ రోజు డైరీలో ఉన్నది నాలుగు మాటలు: "మస్తాను ఫోను. కెమెరా వైరు."

ఐదోరోజు మేనేజరు ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి కాటా చుట్టూ రైతులు మూగి ఉన్నారు. పొదిలి వైపు నుంచి మిర్చి తెచ్చిన కోటయ్య అనే పెద్దాయన చేతిలో రెండు చీటీలు ఉన్నాయి. ఒకటి వాళ్ళ ఊరి కాటాది, ఇంకొకటి మస్తాను ఇచ్చింది. రెండోదాంట్లో సరుకు తొమ్మిది క్వింటాళ్ళు తక్కువ.

"ఏరా మస్తానూ, నడమంత్రాన తొమ్మిది క్వింటాళ్ళు ఏ గాలికి పోయినయ్యిరా? దోవలో దెయ్యాలు తిన్నయ్యా?" అని ఆయన అడుగుతుంటే వెనకవాళ్ళు నవ్వారు. మస్తాను నవ్వలేదు. యంత్రం చూపించింది చూపించినట్టు ఇచ్చాను పెద్దాయనా అని ఒకటే మాట అంటున్నాడు. సరుకు గోదాములోనే ఉంది, మళ్ళీ తూచుకోవచ్చు. రైతుకు పోయేదేమీ లేదు. కానీ ఎవరి వైపో చేరి తూకం మార్చాడన్న మాట అప్పటికే యార్డంతా తిరిగింది. మేనేజరు అందరి ముందూ మస్తాను దగ్గర్నుంచి కాటా గది తాళంచెవి తీసుకుని, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చే పనికి పొమ్మన్నాడు. రేపటి దాకా చూసి పోలీసులకు కాగితం ఇస్తానని కూడా అన్నాడు.

నేను గదిలో కూర్చుని తూకాలు చూశాను. మధ్యాహ్నం మూడింటికి అర్థమైంది. సీజన్లో లారీ లోపలికి వెళ్తే దించుకుని రావడానికి గంటలు పడుతుంది. ఈలోగా పది తూకాలు కాదు, ముప్పై జరుగుతాయి. కాటా ప్రోగ్రాము లోడు బరువును విడిగా రాసి పెట్టుకోవడం లేదు. నేనిచ్చిన పట్టనే లారీ తిరిగి వచ్చేదాకా పట్టుకుని ఉంటోంది. ఆ పట్టను నేను లాక్కుని వేరేవాడి కాయలు పోస్తున్నాను. కోటయ్య లారీ తిరిగి వచ్చేసరికి అతని పట్టలో వేరే లారీ బరువుంది. వేరే లారీ ఫొటో కూడా. మస్తాను మూడు రోజుల ముందే నాకు చెప్పింది అదే.

కాగితం

ఆఫీసుకు వచ్చి రంగారావు గారికి చెప్పాను. ఆయన శాంతంగా విన్నారు. దాచుకోకూడదని మన కాగితంలో ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయితే దాచుకున్నవాళ్ళదే తప్పు, అలాగని ఉత్తరం రాసి పంపు అన్నారు. కాటా ప్రోగ్రాము రాసినావిడ సువార్త. పొదిలిలో బడిపంతులుగా చేస్తూ కంప్యూటరు నేర్చుకుని, చుట్టుపక్కల కాటాలకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేది. ఆ సాయంత్రం నేను ఉత్తరం టైపు చేశాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు. దాని నకలు ఇప్పటికీ ఆ ఏటి డైరీలో మడిచి ఉంది. మస్తాను పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఉత్తరం మర్నాడు పంపాలి. కాటా దగ్గరి గొడవ విని, పొద్దున్నే సువార్త పొదిలి బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చింది. ఉత్తరం చదవమని ఇచ్చాను. నిలబడే చదివి బల్ల మీద పెట్టింది.

"ఈ వాక్యం ఎప్పుడు రాశారు సార్?"

"పోయిన వారం."

"నా ప్రోగ్రాము మూడేళ్ళ నాటిది. మూడేళ్ళలో మీరిచ్చింది ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. మీరు కాగితంలో రాసింది కాదండీ, మీరు చేస్తూ వచ్చింది చూసి నేను రాసుకున్నాను. ఎవరైనా అంతేగా?"

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే అన్నా తప్పు లేదు. లైబ్రరీ ఏం చేస్తానని చెప్పిందో ఎవరూ చదవరు. ఏం చేస్తోందో చూసి దాని మీద ఇల్లు కట్టుకుంటారు. లీకు కూడా ఒక గోడే. ఆ గోడకు ఎవరో పందిరి కట్టుకుని ఉంటారు.

ఉత్తరం పంపలేదు. రంగారావు గారికి చెప్పే వెళ్ళాను. ఆయన వద్దనలేదు, రమ్మంటే రాలేదు. కోల్డ్ స్టోరేజిలో మేనేజరూ, కోటయ్యా, ఇంకా పదిమంది రైతులూ ఉండగా, తప్పు మస్తానుది కాదు, ప్రోగ్రాముదీ కాదు, నేను పోయిన వారం మార్చిన దానిది అని చెప్పాను. అర్థం కావడానికి కల్లం పట్టల కథే చెప్పాల్సి వచ్చింది. కోటయ్య అంతా విని, "అయితే నువ్వు ఒకే పట్ట పదిమందికిచ్చినావన్నమాట" అన్నాడు. అవునన్నాను. లోపల పేర్చిన టిక్కీల మీంచి మస్తాను దిగి వచ్చాడు. చొక్కా నిండా మిరప దుమ్ము. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఘాటుకో మరి దేనికో.

"సారూ, ఇది మీకు నిన్ననే తెలుసా?" అని అడిగాడు.

తెలుసన్నాను.

"ఆ మాట నిన్న చెప్పుంటే మా ఇంట్లో రాత్రి అన్నం తినేవాళ్ళండి."

అంతే అన్నాడు. మేనేజరు తాళంచెవి ఇస్తే తీసుకుని కాటా గదిలోకి వెళ్ళాడు. ఆ రోజు డైరీలో నేనేమీ రాయలేదు. ముప్పై నాలుగు డైరీల్లో తేదీ కింద ఖాళీగా ఉన్న పేజీలు మూడే. అందులో ఇదొకటి.

రెండు తలుపులు

తర్వాత చేసిన పని చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు దీన్నే ముందు చేయాలి. పాత ఫంక్షన్‌ను దాని లీకుతో సహా ఎలా ఉండేదో అలా పెట్టేశాను. పక్కనే కొత్త పేరుతో ఇంకో ఫంక్షన్ రాశాను. దాంట్లో పట్ట తీసుకున్నవాడు పని అయ్యాక తానే తిరిగి ఇవ్వాలి. సువార్త ఆ సీజను అయ్యాక తన ప్రోగ్రామును నింపాదిగా కొత్తదానికి మార్చింది. మార్చుకోని వాళ్ళ కోసం సూచనల్లో ఒక వాక్యం కలిపాను: మధ్యాహ్నం పూట, లోపల బండ్లేవీ లేనప్పుడు, కంప్యూటరు ఒక గంట ఆపి ఉంచాలి. మస్తాను చేస్తూ వచ్చిందే రాశాను. మా కాగితాల్లో నిజంగా జరిగేదాన్ని రాసిన మొదటి వాక్యం అదే అనుకుంటాను.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఆ దెబ్బ తర్వాత నాకు పాతది ముట్టుకోవాలంటే భయం పట్టింది. చీమకుర్తి క్వారీ కాటాల్లో అదే లీకు ఉన్నా, రోజూ కరెంటు పోయి కంప్యూటరు ఆగుతుండేది కాబట్టి బయటపడలేదు. తర్వాత కరెంటు నిలకడగా రావడం మొదలై కాటాలు బిగుసుకోసాగాయి. అక్కడి ప్రోగ్రామర్లు కొత్త ఫంక్షన్‌కు మారతారులే అని నేను రెండేళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఒక్క రోజు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటే అయిపోయే పని. గ్రానైటు లారీల డ్రైవర్లు ఆ రెండేళ్ళు ఎండలో నిలబడ్డారు. పాతదాన్ని కాపాడటం అనే పేరుతో అది నా బద్ధకం. పాత తలుపు తీసి ఉంచడం మంచిదే. కొత్త తలుపు దాకా జనాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళకపోతే మాత్రం అది మంచితనం కాదు.

మస్తాను ఆ సీజను పూర్తిచేసి మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. కానీ చీటీ తీసుకున్న ప్రతివాడూ రెండోసారి చూస్తున్నాడని, అది తట్టుకోలేకపోతున్నానని సువార్తతో చెప్పాడట. అత్తవారి ఊరు వినుకొండ వెళ్ళి, జిన్నింగు మిల్లులో చేరాడు. ఆమె రాసిన పాత ప్రోగ్రామునే అడిగి పెట్టించుకున్నాడు.

వినుకొండ

వారం తర్వాత శిరీష కారులో ఇద్దరం వెళ్ళాం. దారిలో వాదించింది. ఒక్క మనిషి కోసం తప్పును ఉంచుకుంటూ పోతే ఎవరూ ఏదీ ఎప్పటికీ బాగుచేయరు కదా సార్ అంది. అందులో సగం నిజం ఉందన్నాను. మిగతా సగం చూపిద్దామని తీసుకెళ్తున్నానని అనలేదు, ఎందుకంటే అక్కడ ఏముందో నాకూ తెలియదు.

మేం వెళ్ళేసరికి ఒంటిగంట కావస్తోంది. మస్తాను గడ్డం నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. లోపల బండ్లేవీ లేవని గేటు వైపు కేకేసి అడిగి, గొలుసు వేసి, కంప్యూటరు ఆపాడు. క్యారేజి విప్పుతూ రండి సారూ, గోంగూర ఉంది అన్నాడు. ముగ్గురం తిన్నాం.

నేను దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. రెండోరోజే నువ్వు ఫోను చేశావు, బొమ్మ మారుతోందని చెప్పావు, నేను వినలేదు అన్నాను.

"గుర్తుందండి. మీ మనిషొచ్చి వైరు బిగించాడు. గట్టిగానే బిగించాడులెండి" అన్నాడు మస్తాను. నవ్వాడు కూడా.

శిరీష తన సంగతి చెప్పింది. కొత్త ప్రోగ్రాము తానే స్వయంగా వచ్చి పెడతాననీ, ఇక మధ్యాహ్నం ఆపాల్సిన పనే ఉండదనీ వివరించింది. మస్తాను ముద్ద పూర్తిచేసి అడిగాడు.

"ఆపకపోతే నేనెప్పుడు తినాలమ్మా?"

శిరీషకు వెంటనే అర్థం కాలేదు. అతనే చెప్పాడు. "మిషనుకు అలుపొచ్చిందంటే ఓనరు గంట ఇస్తాడు. మస్తానుకు అలుపొచ్చిందంటే ఇస్తాడా? ఇంకో రెండు సీజన్లమ్మా. తర్వాత నేను మానేస్తా. మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి."

శిరీష నా వైపు చూసింది. ఇది ఇప్పుడు ఆమె లైబ్రరీ. రెండు సీజన్లు ఉంచుతానని అతనికే చెప్పింది. ఈలోగా మధ్యాహ్నం తినడానికి ఒక గంట ఏ మనిషికైనా కావాలన్న సంగతి ఓనరుతో తాను మాట్లాడవచ్చా అని కూడా అడిగింది. మాట్లాడమ్మా, ఆడపిల్లవి, నీ మీద అరవడు అన్నాడు మస్తాను.

రెండు గంటలకు కంప్యూటరు వేశాడు. గొలుసు తీయగానే పత్తి లారీ ఒకటి కాటా ఎక్కింది. తెర మీద బరువు వచ్చింది, పక్కన లారీ ఫొటో వచ్చింది. మస్తాను వెంటనే చీటీ తీయలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి బండి నంబరు చూశాడు. మళ్ళీ తెర చూశాడు. డ్రైవరును పిలిచి బరువు అతని నోటితోనే చదివించి, పక్కనున్న లాంగ్‌బుక్కులో పెన్నుతో రాసుకున్నాడు. ఎన్నేళ్ళుగా ఇలా చేస్తున్నావని అడిగాను. గుంటూరు వదిలినప్పటి నుంచి అన్నాడు.

ఆ తర్వాతే చీటీ చించి ఇచ్చాడు. డ్రైవరు దాన్ని చూడకుండా మడిచి జేబులో పెట్టుకుని బండి కదిలించాడు.